డాక్టరమ్మ ఆంటీని చాప మీద పడుకోబెట్టిన ఓడ

ఆ రోజుల్లో ప్రయాణం పెట్టుకోవడమంటే పెళ్ళి చేసినంత తతంగం. ఇప్పటిలా వేలితో తెర మీద నొక్కగానే టికెట్ చేతికొచ్చే కాలం కాదది. మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్యలా ఒక ట్రావెల్ ఏజెంటు ఉండాలి. ఆ ఏజెంటు విమానం వాళ్ళతో మాట్లాడాలి, వాళ్ళు కుదరదంటే బతిమాలాలి, కుదిరిందంటే ఇటువైపు వాళ్ళు మనసు మార్చుకోకుండా కాపలా కాయాలి. ఎనభైల మొదట్లో షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో నేను అలాంటి పేరయ్యని (పేరమ్మ అనాలేమో). బట్టలుతికే దుకాణానికీ పిజ్జా కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న ఏజెన్సీ మాది. మాది అంటే మా మేడమ్‌ది. ఆవిడ కళ్ళద్దాలకి ఒక గొలుసు ఉండేది. నేనేదైనా తప్పు చేసినప్పుడు కళ్ళద్దాలు తీసి గొలుసుకి వేలాడదీసి, నన్ను అద్దాలు లేకుండా చూసేది. నన్ను స్పష్టంగా చూడటం ఇష్టంలేక అలా చేస్తుందని నా అనుమానం.

అక్క స్పాన్సర్ చేస్తే గుంటూరులో పూర్తిచేసిన హిస్టరీ డిగ్రీ పట్టుకుని అమెరికా వచ్చాను. ఆ డిగ్రీని చూసి మా బావ నవ్వని రోజు లేదు. "ఇక్కడ అక్బర్ ఎప్పుడు పుట్టాడో చెబితే ఎవరూ పే చెక్ ఇవ్వరు మరదలు పిల్లా, కంప్యూటర్ క్లాస్‌లో జాయిన్ అవ్వు" అని పొద్దున కాఫీతో ఒకసారి, సాయంత్రం టీతో ఒకసారి సెలవిచ్చేవాడు. నాకేమో కంప్యూటర్ పేరెత్తితే జ్వరం వచ్చేది. చివరికి మా ఇద్దరికీ ఒక రాజీ కుదిరింది. క్రిస్మస్‌లోపు మేడమ్ నన్ను పర్మనెంట్ చేస్తే సరేసరి, లేకపోతే జనవరిలో నోరు మూసుకుని కంప్యూటర్ క్లాసులో కూర్చోవాలి. మేడమ్ ఏమో, నీ అంతట నువ్వు ఒక గ్రూపుని తీసుకొచ్చి, వెళ్ళినవాళ్ళంతా నవ్వుతూ తిరిగొస్తే అప్పుడు చూద్దామంది. విమానంలో పాతిక గంటలు కూర్చున్నవాళ్ళు నవ్వుతూ తిరిగిరావడం ఎక్కడైనా ఉంటుందా అని అడగాలనిపించింది గానీ, ఉద్యోగం కావలసింది నాకు కదా.

గ్రూపు మా చర్చిలోనే దొరికింది. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగువాళ్ళకి హాలు ఇచ్చేవారు. వచ్చేవాళ్ళలో సగం మంది కోస్తా నుంచి వచ్చిన నర్సులు, డాక్టర్లు, వాళ్ళని కట్టుకున్న ఇంజినీర్లు. ఆ ఏడాది ఇండియాలో వాళ్ళ పాత చర్చి సంఘానికి నూరేళ్ళ పండుగ వచ్చింది. పాతికమంది దాకా కలిసి వెళ్దామనుకున్నారు. ఎలాగూ అంతదూరం వెళ్తున్నాం, మధ్యలో జపాన్ చూసి పోదామన్న ఆలోచన మోకాళ్ళ ఆంటీది. ఆవిడ ఆసుపత్రి వార్డులో ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న నర్సు. కూడా పనిచేసే జపాన్ అమ్మాయి ఎవరో, బెప్పు అనే ఊళ్ళో వేడినీటి ఊటలున్నాయనీ, వాటిలో కాళ్ళు పెడితే ముసలివాళ్ళు కూడా పరుగెడతారనీ ఆవిడతో చెప్పింది. ఒసాకా నుంచి బెప్పుకి రైలూ ఉంది, ఓడా ఉంది. నేను రైలే అనుకున్నాను. కానీ ప్రయాణానికి పెద్ద మా చర్చి సెక్రటరీ అంకుల్. ఆయన పుట్టింది కాకినాడలో. "పుట్టినప్పట్నుంచీ ఓడల్ని ఒడ్డు మీంచి చూట్టమేనమ్మా, ఒక్కసారి ఎక్కింది లేదు. ఓడే బుక్ చేయి" అన్నారు. ఆ గొంతులో పసిపిల్లాడు జాతరలో బొమ్మ అడిగినంత ఆశ ఉంది, కాదనలేకపోయాను.

అప్పుడు మొదలయ్యాయి నా తిప్పలు. టోక్యోలో ఉన్న ఏజెంటుకి టెలెక్స్ కొడితే, సాయంత్రం బయల్దేరి పొద్దున్నే చేరే ఓడలు రెండున్నాయని జవాబొచ్చింది, వెనకాలే పోస్టులో రంగు రంగుల బొమ్మల కాగితాలు వచ్చాయి. ఒకటి కొత్త ఓడ. అందులో తివాచీలు, గాజు దీపాలు, ఇద్దరేసి పడుకునే గదులు, గదికొక గుండ్రటి కిటికీ. చిక్కేమిటంటే మా తేదీకి ఆ గదులు సగం మందికే దొరుకుతాయి, మిగతా సగం మంది కింద హాల్లో సర్దుకోవాలి. రెండోది పాత ఓడ. అందులో గదులు లేనట్టే లెక్క. అంతా హాలే, హాలంతా చాపలే. మేడమ్ ఆ రెండో కాగితాన్ని చూడను కూడా చూడకుండా చెత్తబుట్ట వైపు జరిపింది. డాక్టర్లున్న గ్రూపు కాబట్టి కొత్త ఓడే ఖాయమనీ, గదులెవరికో వాళ్ళనే తేల్చుకోమనీ చెప్పి, రెండు వారాలు గడువిచ్చి ఆ శుక్రవారంలోగా పేర్లివ్వమంది. అది దాటితే జపాన్ వాళ్ళు ఆగరు, ప్రయాణంలో జపాన్ ఉండదు, నా ఉద్యోగమూ ఉండదు.

వాళ్ళనే తేల్చుకోమనడం అమెరికా వాళ్ళకి చెల్లుతుంది. మనవాళ్ళ సంగతి వేరు. మనవాళ్ళు కావాలనుకున్నదాన్ని ముందుగా వద్దంటారు. రెండోసారి అడిగితే మీకెందుకండీ శ్రమ అంటారు. మూడోసారి అడక్కపోతే మాత్రం జన్మంతా గుర్తుపెట్టుకుంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక, కింద హాల్లో పులిహోర ప్లేట్లు పట్టుకుని నిలబడినవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను, గది కావాలా, హాలు పరవాలేదా అని. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు గది కావాలనలేదు. మాకెక్కడైనా పరవాలేదు, ముందు పెద్దవాళ్ళకి చూడమ్మా అన్నారు. పెద్దవాళ్ళని అడిగితే పిల్లలున్నవాళ్ళకి చూడమన్నారు. పిల్లలున్నవాళ్ళు మోకాళ్ళ ఆంటీకి చూడమన్నారు. మోకాళ్ళ ఆంటీ నాకెందుకమ్మా, దేవుడే చూసుకుంటాడంది. ఇంత త్యాగం ఒకేచోట చూసి నా కళ్ళు చెమ్మగిల్లాయి (అప్పటికి నాకు లోకజ్ఞానం తక్కువ).

ఇంటికెళ్ళేసరికి ఫోను మోగుతోంది. సెక్రటరీ అంకుల్. తనకేమీ పరవాలేదనీ, చెట్టుకింద పడుకోమన్నా పడుకుంటాననీ, వాళ్ళావిడకే తలుపు గడియ వేసుకోకపోతే నిద్రపట్టదనీ, ఈ సంగతి ఎవరితోనూ అనొద్దనీ చెప్పారు. ఆయన పెట్టేసిన కాసేపటికి వాళ్ళావిడ. ఆవిడకేమీ పరవాలేదట, అంకుల్ గురకకి పక్కవాళ్ళు పారిపోతారేమోనని దిగులట, ఈ సంగతి ఆయనతో అనొద్దట. అలా వారమంతా భర్తలు భార్యల పేరు చెప్పి, భార్యలు భర్తల పేరు చెప్పి నా దగ్గర గదులడిగారు. ఫోనెత్తీ ఎత్తీ బావకి విసుగొచ్చి, ఇది ఇల్లో, బెజవాడ స్టేషన్ ఎంక్వైరీ కౌంటరో తేల్చమని అక్కని నిలదీశాడు. అందరిలోకీ డాక్టరమ్మ ఆంటీ ఒక్కతే డొంకతిరుగుడు లేకుండా మాట్లాడింది. ఆవిడ పెద్దాసుపత్రిలో పిల్లల వార్డుకి పెద్ద. ఆవిడ దగ్గితే చర్చిలో పిల్లలే కాదు, పాస్టరుగారు కూడా సర్దుకుని కూర్చునేవారు. "మాకో క్యాబిన్ పెట్టెయ్. మిగతావాళ్ళతో డిస్కస్ చెయ్యక్కర్లేదు" అంది. సరే అనేలోపే పెట్టేసింది. లెక్క చూసుకుంటే గది అక్కర్లేనివాళ్ళు ఒక్కరూ మిగల్లేదు, మోకాళ్ళ ఆంటీ వాళ్ళాయన తప్ప. ఆయన ఫోను చెయ్యలేదు. ఆయన అసలెవరితోనూ మాట్లాడరు. మేం చాటుగా మౌనం అంకుల్ అనేవాళ్ళం.

ఎవరికి గదిచ్చినా మిగతావాళ్ళు అలుగుతారు. అలిగితే జపాన్ మానేస్తారు. మానేశారా, నేను జనవరిలో కంప్యూటర్ ముందు. ఈ దిగులుతో బల్లమీద తల పెట్టుకుని ఉంటే, మేడమ్ పక్కకి నెట్టిన పాత ఓడ కాగితం కంటబడింది. బొమ్మలో ఒక పెద్ద హాలు. గుమ్మం బయట చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల ఒక ముసలావిడ కాళ్ళు బారజాపుకుని కమలాపండు ఒలుచుకుంటోంది. ఆవిడ పక్కన ఎవరో నిలువునా దుప్పటి ముసుగెట్టి పడుకున్నారు. అవతల ఇద్దరు ముసలాళ్ళు పేకాడుకుంటున్నారు. ఎక్కడో చూశానే అనిపించింది. మరుక్షణం తెలిసిపోయింది. మా వైపు ఎండాకాలంలో జరిగే సువార్త మహాసభలు (మేం కన్వెన్షన్ అనేవాళ్ళం) అచ్చం అలాగే ఉండేవి. ఊళ్ళకి ఊళ్ళే చాపలూ దుప్పట్లూ క్యారేజీలూ మోసుకుని వచ్చి పందిట్లో వరసగా పడుకునేవి. ఎవరి కాళ్ళు ఎవరి తలకి తగిలేవో తెలిసేది కాదు. అవతలి ఊరి ముసలమ్మ మన జడ విప్పి మళ్ళీ వేసేది. చర్చిలో ఇప్పుడు గది కోసం పోట్లాడుతున్న ప్రతి ఒక్కరూ చిన్నప్పుడు ఆ చాపల మీద దొర్లినవాళ్ళే. పేకాట ఒక్కటి తీసేస్తే ఈ ఓడ మన పందిరే అనుకుని, ఉన్నపళంగా కుర్చీలోంచి లేచాను.

మేడమ్‌తో చెబితే కళ్ళద్దాలు గొలుసుకి దిగాయి. నేలమీదా, డాక్టర్లనా, సామాన్ల పక్కనా అని మూడు ప్రశ్నలు వేసింది. నేను కన్వెన్షన్ గురించి చెప్పబోయాను. ఎండాకాలం, పందిరి, వేలమంది, చాపలు అని నేను ఇంగ్లీషులో చెబుతున్నకొద్దీ అది ఆవిడకి వరద బాధితుల శిబిరంలా వినబడిందని ఆవిడ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. చివరికి, ఓడ నువ్వే ఎంచుతున్నావు, ఒక్క ఫిర్యాదు వచ్చినా నీ కుర్చీ ఖాళీ చేసి వెళ్ళాలి, నీకది సమ్మతమేనా అని మెల్లగా అడిగింది. సమ్మతమేనన్నాను.

ఇక మనవాళ్ళని ఒప్పించాలి. విడివిడిగా అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. అందుకని అందర్నీ కలిపి అడగాలనుకున్నాను. ఆదివారం ప్రకటనల సమయంలో సెక్రటరీ అంకుల్‌ని అడిగి ముందుకెళ్ళి నిలబడ్డాను. "కొత్త ఓడలో రూమ్స్ అందరికీ చాలవండి. కొందరు పైన, కొందరు కింద ఉండాలి. అందర్నీ అడిగాను, అందరూ మాకెక్కడైనా పరవాలేదన్నారు. అందుకని పాత ఓడ చూశాను. అందులో అందరూ ఒకే హాల్లో, చాపల మీద, మన కన్వెన్షన్ పందిట్లో లాగే. ఎవరికైనా ఇబ్బందనిపిస్తే ఇప్పుడే చెయ్యెత్తండి" అన్నాను. సెక్రటరీ అంకుల్ వాళ్ళావిడ వైపు చూశారు, ఆవిడ మోకాళ్ళ ఆంటీ వైపు చూసింది, మోకాళ్ళ ఆంటీ తన మోకాళ్ళ వైపు చూసుకుంది. డాక్టరమ్మ ఆంటీ మాత్రం నన్నే చూసింది. ఆ చూపుకి నా చీర కుచ్చిళ్ళు జారుతాయేమోనని భయమేసింది. కానీ పాతికమందిలో మొదటి చెయ్యి ఎత్తినవాళ్ళు సుఖం కోరినవాళ్ళయిపోతారు. ఎవరెత్తుతారు? ఎవరూ ఎత్తలేదు. ఇంతలో పాస్టరుగారు లేచి, సహోదరులు ఐక్యత కలిగి ఉండటం ఎంత మనోహరమని సంతోషంగా ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థనలో పడిన మాటని ఇక వెనక్కి తీసుకోవడం ఎవరితరమూ కాదు. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. నా ఆమెన్ మిగతావాళ్ళందరి కన్నా గట్టిగా వినబడిందని ఇంటికెళ్ళాక అక్క చెప్పింది.

ఆ వారం మళ్ళీ ఫోన్లు మోగాయి. చెయ్యెత్తడం ఇష్టంలేక ఎత్తలేదు గానీ అంటూ ఎవరు మొదలుపెట్టినా, అయ్యో ఆంటీ, మీరొక్కరే వేరే అంటే మిగతావాళ్ళు ఏమనుకుంటారో కదా అనేదాన్ని. అటువైపు ఒక నిట్టూర్పు, ఆ వెంటనే, సర్లే అమ్మా, మాకెక్కడైనా పరవాలేదులే అనే మాట. శుక్రవారానికి పేర్లన్నీ టెలెక్స్‌లో టోక్యో వెళ్ళిపోయాయి. సైన్యాన్ని గెలిచిన రాణిలా ఇంటికొచ్చాను.

వాళ్ళు విమానం ఎక్కాక ఆ రాణి దిగాలుపడిపోయింది. తెలివిగా ఇరికించాను సరే, వాళ్ళకి నచ్చుతుందని ఏమిటి నమ్మకం? నేను చూసింది ఒక్క బొమ్మ. కన్వెన్షన్‌లో పడుకున్నది వాళ్ళు పిల్లలుగా ఉన్నప్పుడు. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో నడుము నొప్పి. ఓడలో చాప మీద డాక్టరమ్మ ఆంటీ లేవలేక పడి ఉన్నట్టూ, జపాన్ వాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తున్నట్టూ నాకు పట్టపగలే కలలొచ్చేవి. జపాన్ నుంచి కబురు లేదు. ఇండియా నుంచీ లేదు. బావ మాత్రం కంప్యూటర్ క్లాసు పుస్తకాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. కొత్త పుస్తకాల వాసన అంత చేదుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

తొలి మంచు పడిన వారంలో ఒక రోజు, ఆఫీసు తలుపు తోసుకుని డాక్టరమ్మ ఆంటీ వచ్చింది. పట్టుచీర మీద పొడుగాటి కోటు. వెనకాల సెక్రటరీ అంకుల్, ఆ వెనక మౌనం అంకుల్. నవ్వులు లేవు. ఆవిడ నన్ను దాటుకుని తిన్నగా మేడమ్ బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. మేడమ్ కళ్ళద్దాలు గొలుసుకి దిగాయి. నేను నా చేతిసంచీ ఎక్కడ పెట్టానో చూసుకున్నాను.

డాక్టరమ్మ ఆంటీ ఆసుపత్రిలో రోగి సంగతి చెప్పినట్టు తాపీగా ఇంగ్లీషులో చెప్పింది. వచ్చే ఏడు తమ పెళ్ళి రజతోత్సవమనీ, మళ్ళీ అందరం కలిసి జపాన్ వెళ్తున్నామనీ, ఈసారి బంధువులు కూడా కలుస్తారనీ, అదే ఓడ, అదే హాలు కావాలనీ అంది. "ఈ అమ్మాయే బుక్ చెయ్యాలి. వేరే ఎవరు చేసినా మేం రాం" అని చివరి మాట తెలుగులో నాతో అని, మళ్ళీ మేడమ్‌కి ఇంగ్లీషులో తర్జుమా చేసింది. ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి లోకజ్ఞానం ఉండి కూడా తిరిగాయి.

ఆ తర్వాత, ఓడలో ఏం జరిగిందో ముగ్గురూ ఒకరి మాటకొకరు అడ్డొస్తూ చెప్పారు. అంటే ఇద్దరు చెప్పారు, మూడో ఆయన సంగతి చెబుతాను. హాలు చూడగానే డాక్టరమ్మ ఆంటీకి నన్ను నమిలి మింగెయ్యాలనిపించిందట. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిందట. లోపల వేడినీళ్ళ ఊటలకి వెళ్తున్న జపాన్ ముసలమ్మలు గుంపుగా కూర్చుని ఉన్నారు. అందులో ఒకావిడ తన పక్కన చాప మీద అరచేత్తో తట్టి రమ్మందట. అలా తడితే మన మేనత్తలు పిలిచినట్టుంటుంది, రానని ఎలా అంటాం, వెళ్ళి కూర్చున్నానంది. మోకాళ్ళ ఆంటీని నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు. ఇక తెల్లారేదాకా ఆవిడని లేపడం ఎవరి వల్లా కాలేదు, ఆవిడా లేవాలనుకోలేదు. సెక్రటరీ అంకుల్ వాళ్ళావిడ చేగోడీల డబ్బా తీసింది, అటు నుంచి కమలాపళ్ళు వచ్చాయి. ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. అయిపోయాక ముసలమ్మలు చప్పట్లు కొట్టి వాళ్ళ పాటొకటి పాడారు. (ఓడలో ఆడవాళ్ళ స్నానాల గది అందరికీ కలిపి ఒక్కటే అట. అక్కడేమైందో మా ఆడవాళ్ళెవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.) అప్పుడు మౌనం అంకుల్ గొంతు సవరించుకుని, చిన్నప్పుడు కన్వెన్షన్ పందిట్లో తను పక్కూరి పెద్దల దుప్పట్లన్నీ ఒకదానికొకటి ముడేసిన కథ చెప్పడం మొదలుపెట్టారట. ఒకదాని తర్వాత ఒకటి. పాతికమందీ కడుపుబ్బ నవ్వారట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అన్ని మాటలు మాట్లాడగా విన్లేదని మోకాళ్ళ ఆంటీ చాప మీద పడుకునే ఏడ్చిందట. ఇదంతా చెబుతుంటే మౌనం అంకుల్ కిటికీలోంచి మంచు చూస్తున్నారు, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"పక్కన ఎవరో మాట్లాడుకుంటుంటే వింటూ నిద్రపోవడం, అదెంత బాగుంటుందో మర్చేపోయానే" అంది డాక్టరమ్మ ఆంటీ. ఆవిడ నాతో అంత చనువుగా మాట్లాడటం అదే మొదలు.

వాళ్ళు వెళ్ళగానే అక్కకి ఫోను చేసి ఒక్క ఊపిరిలో అంతా చెప్పాను. అక్క విని, అదంతా బాగానే ఉంది, మీ మేడమ్ పర్మనెంట్ చేసిందా లేదా అని అడిగింది. అసలు సంగతి అడగడమే మర్చిపోయాను. ఫోను పెట్టేసి మేడమ్ దగ్గరికి వెళ్ళి నీళ్ళు నములుతూ నిలబడ్డాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా తేరిపార చూసి, సోమవారం నుంచి గ్రూపులన్నీ నువ్వే చూసుకోవాలి, పర్మనెంట్ కాకుండా ఎలా చూసుకుంటావు అంది. ఆ సాయంత్రం బావ ఆ పుస్తకాలు కిక్కురుమనకుండా తిరిగి ఇచ్చేసి వచ్చాడు. ఆ తర్వాత వాళ్ళాఫీసులో ఎవరు ప్రయాణం మాటెత్తినా, మా మరదల్ని అడగండి, ఓడల్లో ఎక్స్‌పర్ట్ అనేవాడు.

ఆ సోమవారమే ఆఫీసుకి ఫోనొచ్చింది. డాక్టరమ్మ ఆంటీ. వచ్చే ఏడు ఆ హాల్లో గోడ పక్కన చోటు తమకి దొరికేలా చూడమనీ, ఈ సంగతి ఎవరితోనూ అనొద్దనీ చెప్పింది. మధ్యాహ్నానికి సెక్రటరీ అంకుల్ చేశారు. ఆయనకి ఎక్కడైనా పరవాలేదట, ఆంటీకే గోడ లేకపోతే నిద్రపట్టదట. సాయంత్రంలోగా సగం చర్చి నా దగ్గర గోడ అడిగింది. తప్పకుండా ఆంటీ, తప్పకుండా అంకుల్ అని అందరికీ మాటిచ్చేశాను. ఆ హాలుకి ఉన్నవి నాలుగే గోడలు, అందులో ఒకదాని నిండా గుమ్మమే. అయినా నాకు క్షణం కూడా అనుమానం రాలేదు. ఇప్పుడు నేను ఒక్కరికి మాటివ్వాలన్నా పదిసార్లు ఆలోచిస్తాను. జపాన్‌లో ఎక్కడో ఉన్న, కళ్ళతో చూడని ఓడలో పాతికమందికీ గోడ పక్కన చోటు పంచిపెట్టిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది.